సొరగారు

మొన్నటి వానలకి మా వీధి తలుపు ఉబ్బిపోయి గడపకి పట్టేస్తుంటే వడ్రంగిని పిలిచాం. అతను కాసేపు చిత్రిక పట్టి, టిఫినుకి వెళ్తూ గరుకు కాగితం ముక్కొకటి అరుగు మీద వదిలి వెళ్ళాడు. నా చేతులు ఊరికే ఉండవు కదా, దాన్ని తీసుకుని బొటనవేలితో ఇటు రుద్దాను, అటు రుద్దాను. ఎటు రుద్దినా గరుకే. "అబ్బే, ఇది సొర చర్మం కాదు" అని పైకే అనేశాను. లోపల్నుంచి మా కోడలు "ఏంటత్తయ్యా?" అంది. ఏం లేదన్నాను. దానికి చెప్పాలంటే ఒక పూట పడుతుంది, దాని ఆఫీసుకేమో టైమవుతోంది.

సొరచేప చర్మాన్ని తల నుంచి తోక వైపు నిమిరితే పట్టుగుడ్డలా ఉంటుంది. అదే తోక నుంచి తల వైపు నిమిరారా, వేలు చెక్కుకుపోతుంది. ఒళ్ళంతా కంటికి ఆనని పళ్ళు. అన్నీ వెనక్కి వాలి ఉంటాయి, ఈదేటప్పుడు నీళ్ళు సులువుగా జారిపోవడానికి. ఈ సంగతి నా చేత చెయ్యి పెట్టించి మరీ నేర్పిన మనిషి ఒకాయన ఉండేవారు. బెజవాడలో మా కాలేజీ జువాలజీ లెక్చరరు. ఆయన పోయి చాలా కాలమైంది. పేరు చెప్పను. తన పేరు నలుగురిలో పడటమంటే ఆయనకి ఒళ్ళు మంట. పోయిన తర్వాత కూడా ఆయన చేత చీవాట్లు తినే ఓపిక నాకు లేదు. మేమంతా చాటున ఆయన్ని 'సొరగారు' అనేవాళ్ళం.

నిజానికి ఆ పేరు ఆయన చేజేతులా తెచ్చుకున్నదే. ఆయనకి లోకంలో ప్రతి ప్రాణీ గారే. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి గుండుసూదులు గుచ్చిన కప్పని కూడా, "కప్పగారి కుడికాలు కాస్త పక్కకి జరపండి" అనేవారు. బొద్దింకగారు, వానపాముగారు, నత్తగారు. ప్రిన్సిపాల్ని మాత్రం ఎందుకో గారు లేకుండా ఉత్త ప్రిన్సిపాల్ అనే అనేవారు. ఇక సొరల దగ్గరికొచ్చేసరికి ఆ గారులో కాస్త భక్తి కూడా కలిసేది. ఇంట్లో భార్యనీ మీరే అనేవారు, రిక్షా అతన్నీ మీరే అనేవారు.

మనిషి పొట్టి, బక్కపల్చన. తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న పట్టకారు. ఒంటికి ఎప్పుడూ ఫార్మలిన్ వాసన. చచ్చిన జీవాలు కుళ్ళకుండా సీసాల్లో పోసే మందది, దగ్గరికెళ్తే కళ్ళు మండి నీళ్ళు కారతాయి. బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అది లెక్చరర్లంటే జనానికున్న గౌరవమని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేవారు. మేమెవ్వరం ఆ నమ్మకం చెడగొట్టలేదు.

డిగ్రీ మొదటి సంవత్సరం, మొదటి క్లాసు. రాగానే అందర్నీ చెవులు పట్టుకోమన్నారు. మేమేం తప్పు చేశామో తెలియక బిక్కుబిక్కుమంటూ పట్టుకున్నాం. వంచమన్నారు, వంచాం. విరిగిందా అని అడిగారు. లేదండీ అన్నాం. "సొరగారి ఒంట్లో ఒక్క ఎముక లేదండీ. తల నుంచి తోక దాకా మీరు పట్టుకున్న ఆ చెవే" అన్నారు. ఇప్పటికీ ఏదైనా ఆలోచనలో పడితే నా చెయ్యి చెవి మీదికే పోతుంది. మా ఆయన మొదట్లో నాకు చెవి పోటేమోనని చుక్కల మందు తెచ్చిపెట్టారు.

కొమ్ము సొర పాఠం చెప్పిన రోజు ఇంకా తమాషా. దాని తల అడ్డంగా సాగి సుత్తిలా ఉంటుంది, ఆ చివరొక కన్ను, ఈ చివరొక కన్ను. సారు బల్ల కొలిచే పొడుగాటి చెక్క స్కేలు నుదుటికి అడ్డంగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, తల ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపుకుంటూ బెంచీల మధ్య నడిచారు. ఆ వెడల్పు తల కింద సన్నటి రంధ్రాలుంటాయట, వాటి నిండా జిగురు. ఇసక కింద ఏ చేపో కదలకుండా దాక్కున్నా, దాని గుండె కొట్టుకోవడంలో పుట్టే రవ్వంత కరెంటు ఆ జిగురుకి తెలిసిపోతుందట. అలా ఊగుతూ వెళ్ళి వెళ్ళి ఆఖరి బెంచీలో నిద్రపోతున్న కుర్రాడి ముందు ఆగారు. "వీరి గుండె కొట్టుకుంటోందండీ, మిగతాదేదీ పని చెయ్యట్లేదు" అన్నారు. వాడు లేచి నిలబడేసరికి స్కేలు వాడి ముక్కుకి తగిలింది. సారే కంగారుపడి సారీ చెప్పారు.

నన్ను 'మంగళగిరి అమ్మాయిగారూ' అని పిలిచేవారు. మాది మగ్గాల ఇల్లు. రోజూ మంగళగిరి నుంచి బస్సెక్కి, బ్యారేజీ దాటి బెజవాడ వచ్చేదాన్ని. సముద్రం నుంచి ఏటికి ఎదురీదుకుంటూ మంచినీళ్ళలోకి వచ్చేసే సొర ఒకటుందని ఆయన చెప్పారు. మామూలుగా ఉప్పునీళ్ళ సొరని మంచినీళ్ళలో వేస్తే బతకదు. ఇది మాత్రం ఒంట్లో ఉప్పు కావల్సినంత పట్టి ఉంచుకుని, ఎక్కువైన నీళ్ళని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది. అలా కొన్ని దేశాల్లో నదుల వెంట ఎంతో దూరం లోపలికి వెళ్తుందట. "మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చోండమ్మా. మన కృష్ణలోకి వచ్చారని ఎవరూ చూడలేదు. చూడలేదంటే రాలేదని కాదు కదండీ" అన్నారు. ఇంకేముంది, చదివినన్నాళ్ళూ నేను కిటికీ సీటు కోసం దెబ్బలాడుతూనే ఉన్నాను. గేదెలు కనిపించాయి, చాకిరేవు బట్టలు కనిపించాయి, సొర మాత్రం దర్శనమివ్వలేదు. ఇంటికెళ్ళి ఈ ముక్క చెబితే మా నాయనమ్మ కృష్ణస్నానం మానేసి కుళాయి కింద కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇన్ని సొరల్లోనూ ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీద ఉండేది. పాలసొర. పేరుకి చిన్నదే, మనిషి నడుము దాటి ఎదగదు. పులి సొరలా ఏది పడితే అది మింగదు. కొమ్ము సొరలా వింత రూపమూ కాదు. కానీ దాని కడుపులో పిల్లలు పెరిగే తీరు చెప్పేటప్పుడు సారు గొంతు తగ్గిపోయేది. కొన్ని సొరలు గుడ్లు పెడతాయి, కొన్ని పిల్లల్ని కంటాయి. పాలసొర కనేది మనం కన్నట్టే. కడుపులో ఒక్కో పిల్లకీ ఒక్కో బొడ్డుతాడు, ఆ తాడు చివర మాయ. తల్లి నెత్తుట్లోంచే పిల్లకి తిండి. "చేపకి మాయేంటండీ!" అని మా క్లాసమ్మాయి సుగుణ నోరు తెరిస్తే, ఆయన పొంగిపోయారు. ఆ మాట ఎవరైనా అనాలనే ఆయన కోరిక.

మా కాలేజీ మ్యూజియం గదిలో ఇనప చట్రం బిగించిన పెద్ద గాజు తొట్టె ఒకటుండేది. మేం చేరకముందే సారు పట్టుబట్టి చేయించింది. కడుపు తెరిచిన తల్లి పాలసొర, బొడ్డుతాళ్ళతో వేలాడుతున్న పిల్లలు, అంతా కలిపి ఆ తొట్టెలో నిలబెట్టాలని ఆయన ఆశ. చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ అలాంటిది లేదనేవారు. ఏటా విద్యార్థుల్ని తీసుకుని బందరు రేవుకి వెళ్ళడం, చూలుతో ఉన్న పాలసొర పడితే కొయ్యకుండా నాకోసం ఉంచండమ్మా అని చేపలమ్మే ఆడవాళ్ళకి చెప్పి రావడం, తీరా వెళ్ళేసరికి అది ముక్కలై అమ్ముడుపోవడం. తొట్టె ఖాళీగా ఉంటే అటెండర్లు ఊరుకుంటారా? వానాకాలం తడి గొడుగులు అందులోనే ఆరేసేవాళ్ళు.

ముక్కలై ఎందుకు అమ్ముడుపోతుందో మన ప్రాంతంలో చెప్పక్కర్లేదు. బాలింతకి పాలు పడాలంటే పాలసొర వండి పెట్టాలి. మా తాతలనాటి నుంచీ అంతే. సారుకి మాత్రం ఈ మాటంటే చిర్రెత్తుకొచ్చేది. "పాలసొర తింటే పాలు పడతాయా? మరి పాలపిట్టని చూస్తే పెరుగు తోడుకుంటుందా?" అని క్లాసులో ఎద్దేవా చేసేవారు. మేం నవ్వేవాళ్ళం. ఇంటికెళ్ళి మా అమ్మతో అంటే, నీకు పురుడొచ్చినప్పుడు చూస్తాలే అంది.

సారు ఇల్లు గుణదలలో, మాత కొండకి దగ్గర్లో. సుగుణా వాళ్ళిల్లు ఆ పక్కదే, మధ్యలో గోడ ఒక్కటే అడ్డం. సారు భార్య ఆసుపత్రిలో హెడ్ నర్సు. నిటారుగా ఉండేవారు, మాట కూడా నిటారే. ఎంతమందికి పురుడు పోశారో ఆవిడకే లెక్క లేదు. వాళ్ళకి ఒక్కతే కూతురు. మా చివరి సంవత్సరం చలికాలం మొదట్లో ఆ అమ్మాయి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కంది. మర్నాడు సారు ల్యాబులో అందరికీ లడ్డూలు పంచారు. "సొరగారి పిల్లలైతే పళ్ళ వరసలతోనే పుడతారండీ. మా మనవరాలికి ఒక్క పన్నూ లేదు, పాపం" అని ఒకటే మురిసిపోవడం.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. సుగుణ చెప్పింది. ఆ అమ్మాయికి పాలు పడలేదు. డబ్బాపాలు పసిపిల్లకి పడక కక్కేస్తోంది, రోజురోజుకీ చిక్కిపోతోంది. అది చూసి తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరితోనూ మాట లేదు, తిండి సహించదు, పిల్లని ఒళ్ళో పెడితే ముఖం తిప్పేసుకుంటోంది. డాక్టరు వచ్చి చూసి, ఓపిక పట్టండి, అమ్మాయి సరిగ్గా తింటే అన్నీ సర్దుకుంటాయి అని వెళ్ళాడట. తినే దారి మాత్రం చెప్పలేదు. నర్సమ్మగారు పాలసొర కావాలన్నారు. సారు అదేం మాటన్నారు. నువ్వు చదువుకున్నదానివి కాదా అన్నంత పని చేశారట, అదీ మీరు అనే మర్యాదతోనే. దానికి ఆవిడన్న మాట గోడ అవతల సుగుణా వాళ్ళమ్మకి స్పష్టంగా వినిపించింది.

"పేషెంట్లకి డాక్టరుగారు రాసింది ఇస్తానండి. నా కూతురికి మా అమ్మ నాకు పెట్టింది పెడతాను."

ఇంత గొడవా పడ్డారు గాని, తేవాలన్నా పాలసొర ఎక్కడిది? సముద్రంలో వాయుగుండం. బందరులో పడవలన్నీ గట్టునే ఉన్నాయి. బెజవాడ మార్కెట్లో చెరువు చేప తప్ప సముద్రపు చేప జాడే లేదు. నర్సమ్మగారు డ్యూటీ దిగి తిన్నగా మార్కెట్‌కి వెళ్ళడం, ఉత్త సంచీతో రావడం. మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. సారు సాయంత్రాలు మనవరాలిని భుజాన వేసుకుని పెరట్లో తిరుగుతూ, దాని చెవిలో సొరల పేర్లు ఒక్కొక్కటే చెబుతున్నారట. సుగుణ ఇది చెబుతుంటే నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

వాతావరణం తేటపడి పడవలు మళ్ళీ వేటకి వెళ్ళాయని తెలియగానే, ఎప్పటినుంచో ఆగిపోయిన మా బందరు ప్రయాణం పెట్టారు. పరీక్షలకి జీవాలు కావాలి, తప్పదు. ఆ రాత్రికి నేను సుగుణా వాళ్ళింట్లో ఉండేలా ఇంట్లో ఒప్పించాను. పొద్దున్నే బస్సులో కూర్చున్నాం. సారు పక్క సీటు యథాప్రకారం ఖాళీ. ఎప్పుడూ కండక్టరుకి కూడా పాఠం చెప్పే మనిషి, ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

రేవులో వలలు దులిపాక పనికిరావని పారేసిన చిల్లర చేపల కుప్పల్లో మా వెతుకులాట. అందులో మూరెడు పొడుగున, ఒంటి మీద అడ్డచారలతో ఒక సొర పిల్ల కనిపించింది. ఎప్పుడు పారేశారో, ఒళ్ళంతా ఇసక అంటుకుని ఉంది. నేను చచ్చిందనుకుని బకెట్లో వెయ్యబోతే సారు నా చెయ్యి ఆపారు. మొప్పల చీలికలు ఉండీ ఉండీ కదులుతున్నాయి. కొన్ని సొరలకి ఈదుతూ ఉంటేనే ఊపిరి, ఆగితే నోట్లోకి నీరు పోదు. ఈ జాతి అలా కాదు, అడుగున కూర్చుని తనే నీళ్ళు లోపలికి తోడుకుంటుంది. ఆటుకి నీరు తీసేసి గట్టున మిగిలిపోయినా ఒంట్లో ఒక్కో పనీ తగ్గించుకుంటూ, గంటల తరబడి ప్రాణం పట్టుకుని ఉంటుంది. సారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నీళ్ళలోకి దిగారు. అలా వంగి నిలబడ్డ మనిషి ఎంతకీ లేవలేదు. మాకు విసుగొచ్చి ఇసకలో కూలబడ్డాం. చివరికి అది ఒళ్ళు విదిలించి ఆయన చేతుల్లోంచి జారిపోయింది. మేం చప్పట్లు కొట్టాం.

సారు వెనక్కి వచ్చి, "ఇంకాస్త ఓపిక పట్టాలండీ, అంతే" అన్నారు. ఆ మాట మాతో అన్నట్టు లేదు. సుగుణ నా వైపు చూసింది. ఆయన మనసంతా గుణదలలోనే ఉందని ఇద్దరికీ అర్థమైంది.

అప్పుడే చేపల వేలంపాటల దగ్గర్నుంచి ఒక పెద్దావిడ పరుగులాంటి నడకతో వచ్చింది. "బాబుగారూ, మీరెప్పుడూ అడుగుతుంటారే, నిండు చూలు పాలసొర, ఇయ్యాళ పడిందండి. కొయ్యనియ్యకుండా ఆపాను" అంది.

వెళ్ళి చూస్తే చాప మీద బూడిదరంగు పాలసొర. ఆ రోజు రేవు మొత్తానికి పడింది అదొక్కటే. సారు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పొట్ట మీద వేళ్ళు ఆనించి మెల్లగా వత్తి చూశారు. లోపల పిల్లలు వరసగా తగులుతున్నాయని చెప్పారు. ఎన్నేళ్ళ ఆశ అది! ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే మాకూ ఏదోలా అయిపోయింది. ఆ పెద్దావిడ ముచ్చటగా చూస్తూ, "ఇంట్లో బాలింత ఎవరన్నా ఉన్నారా బాబూ?" అని అడిగింది.

మేమంతా సారు ముఖంలోకి చూశాం.

"కాలేజీకమ్మా" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ పసిగుడ్డు చిక్కి శల్యమవుతుంటే, ఇక్కడ ఈయనకి గాజు తొట్టె కావాల్సొచ్చిందా అని నోటిదాకా వచ్చింది. సుగుణ నా చెయ్యి గిల్లింది. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పేముందనిపిస్తుంది. నమ్మకం లేని మందు ఎవరైనా ఎలా పెడతారు? కానీ ఆ వేళ నాకంత పెద్ద మనసు లేదు, ఆయనతో మాట్లాడటం మానేశాను.

మామూలుగా అయితే అక్కడికక్కడే ఫార్మలిన్ ఎక్కించేవారు. అంతకుముందు ఏడాది ఆ డబ్బా బస్సులో కారి, ఉయ్యూరు దాటేలోపు ప్రయాణికులంతా అయినవాళ్ళు పోయినట్టు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కండక్టరు మమ్మల్ని కంకిపాడులో దింపేశాడు. అప్పట్నుంచీ మందు పని ఇల్లు చేరాకే. పాలసొరని ఐసులో పెట్టి, తడి గోనెలో చుట్టి సారు కాళ్ళ మధ్య పెట్టుకున్నారు. మూత గట్టిగా బిగించిన డబ్బా సుగుణ ఒళ్ళో. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసన వస్తున్నా, పటమట వచ్చి ఊరి దీపాలు కనిపిస్తున్నా, దారంతా ఆయన చూపు ఆ మూట మీదే. ఉండుండి కిందికి వంగి గోనె మీద చెయ్యి వేసి చూసుకునేవారు.

కాలేజీ మూసేసి ఉంటుంది కాబట్టి తిన్నగా గుణదలకే రిక్షాలు కట్టించుకున్నాం. అప్పుడే చీకటి పడుతోంది. మిగతా వాళ్ళు దారిలో దిగిపోయారు. మేమిద్దరం సారు వెంట గేటు దాకా వెళ్ళాం. నర్సమ్మగారు వసారాలో పిల్లని భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. సారు గోనె దించేసరికి తోక బయటికి జారింది. ఆ తోక చూడగానే ఆవిడకి తెలిసిపోయింది.

నిటారుగా ఉండే మనిషి భుజాలు జారిపోయాయి.

"నాతో అంతంత వాదన పెట్టుకుని, మళ్ళీ మీరే బందరు పోయి తెచ్చారా?" అన్నారు. అని, పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు.

సారు నోరు తెరిచారు. సుగుణ చేతిలో ఫార్మలిన్ డబ్బా ఉంది. ఇంతలో లోపలి గదిలోంచి సన్నగా గొంతు వినిపించింది. అన్ని రోజులూ మాట లేని ఆ అమ్మాయి గొంతు.

"నాన్న నాకోసమే వెళ్ళారా అమ్మా?"

ఆ క్షణంలో ఆయన ముఖం నేను చూశాను, ఇప్పటికీ మర్చిపోలేను. గోనె వైపు ఒక్కసారి చూశారు. తర్వాత సుగుణ వైపు చూసి, కంటితోనే ఆ డబ్బాని క్రోటన్ మొక్కల వెనక పెట్టెయ్యమని సైగ చేశారు.

"అవును తల్లీ. నీకే" అన్నారు.

కోసేది మాత్రం తనే అన్నారు. కాసేపు నాకివ్వండి, తర్వాత మీ ఇష్టం అని భార్యని బతిమాలుకున్నారు. పెరట్లో బల్బు కింద చెక్కపీట వేసి, తన ల్యాబు కత్తి తెచ్చుకుని, కూతుర్ని కూడా చూడటానికి రమ్మన్నారు. వస్తుందని ఎవరం అనుకోలేదు. చెవులకి గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని, మెల్లగా గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. సారు పొట్ట తెరిచారు. లోపల పిల్లలు ఒక్కొక్కటీ ఒక్కో అరలో సర్ది పెట్టినట్టున్నాయి. ప్రతి పిల్ల గొంతు కింద, రెక్కల మధ్య నుంచి సన్నటి తాడు. ఆ తాడు చివర ఎర్రగా మాయ. జీవితమంతా పాలసొర ముక్కలు కొని వండిన నర్సమ్మగారు అంతవరకూ లోపల చూడలేదు. "మాయేనండీ! అచ్చం మాయే!" అంటూ పీట పక్కన గొంతుక్కూర్చున్నారు. సారు ఎంత గర్వంగా తలాడించారో.

"ఇవి లోపల ఏం తింటాయి నాన్నా?" అంది ఆ అమ్మాయి.

"తల్లి తిన్నదేనమ్మా. ఆవిడ తింటేనే వీళ్ళకి."

ఆ అమ్మాయి కాసేపు ఆ తాళ్ళనే చూస్తూ కూర్చుంది. తర్వాత వాళ్ళమ్మని అడిగి పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది. నాకు ఆకలేస్తోందమ్మా అంది.

తాళ్ళు కొయ్యాల్సొచ్చేసరికి సారు చెయ్యి సాగలేదు. ఆ తాళ్ళు తెగితే ఇక తొట్టెలో పెట్టడానికేమీ మిగలదు. కత్తెర భార్యకిచ్చి, "ఇది మీ పనండీ" అన్నారు. ఆవిడ ఒక్కొక్కటే కత్తిరిస్తుంటే ఆయన పిల్లల్ని అందుకుని పక్కన పెట్టారు. వాటిని మాత్రం సీసాల్లో వేసి కాలేజీకి తీసుకెళ్ళారు. తల్లి సొర వంటింట్లోకి వెళ్ళింది. అల్లం, వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వేయించిన ఆ కూర వాసనకి గోడ అవతల మాకూ నోరూరింది.

ఆ తర్వాత కాలేజీలో ఒకటే ఎగతాళి. చేతికొచ్చిన పాలసొర ఈదుకుంటూ పోయిందాండీ అని తోటి లెక్చరర్లు నవ్వేవాళ్ళు. కుదర్లేదండీ అని ఊరుకునేవారు సారు. గాజు తొట్టె ఆయన రిటైరయ్యేదాకా అలాగే ఉంది. మళ్ళీ అలాంటి సొర ఆయన చేతికి రాలేదు. సుగుణా నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని ఆయన మమ్మల్ని అడగనూ లేదు.

క్రిస్మస్‌కి ముందు, మా నాన్న నేసిన మెత్తటి నూలు గుడ్డ ఒకటి పసిపిల్ల కోసం తీసుకుని గుణదల వెళ్ళాను. సారు వసారాలో గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని, లోపలికి వీపు పెట్టి కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళని ఆపడం ఆయన డ్యూటీ అట. లోపల కూతురు పిల్లకి పాలిస్తోంది. ఆ కూర తిన్న రెండో రోజో మూడో రోజో పాలు పడ్డాయని, పిల్ల ఒళ్ళు చేస్తోందని గొంతు బాగా తగ్గించి చెప్పారు. నా నోరు ఊరుకుంటుందా? పైగా ఆయన దగ్గర చదువుకున్నదాన్ని. కారణం తేలేదాకా ఏదీ వదలొద్దని నూరిపోసింది ఆయనే.

"అయితే పాలసొర వల్లే పడ్డాయా సార్? లేకపోతే ఆ అమ్మాయి మళ్ళీ తినడం మొదలుపెట్టినందుకా?" అని అడిగాను.

ఆయన నా చేతిలోని గుడ్డ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాకు తెలుసుకోవాలని లేదమ్మా" అన్నారు.

లోపల పిల్ల గుటక గుటకకీ ఆగుతూ పాలు తాగుతున్న చప్పుడు. సారు నన్ను కూర్చోమని చేత్తో చూపించి, మాట్లాడొద్దని నోటి మీద వేలు పెట్టారు. ఇద్దరం వింటూ కూర్చున్నాం.